‘మా ఆట చెడగొట్టకు’ అని స్నేహితుణ్ణి అనేశాను

ప్రశ్న

డాలస్ దగ్గర ఉంటున్న 31 ఏళ్ళ పాఠకుడు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్ళయి మూడేళ్ళు. ఐదేళ్ళుగా ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆట ఆడుతున్నారు. మొదట్లో ఒంటరిగా ఆడుకునేవారు. తర్వాత విజయవాడలో తనతో ఇంజనీరింగ్ చదివిన ఇద్దరు స్నేహితులు, పిన్ని కొడుకు, ఆటలోనే పరిచయమైన నలుగురు కలిసి ఎనిమిది మంది జట్టు తయారైంది. బుధ, శనివారాల్లో రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆడతారు.

ఆ ఇద్దరు స్నేహితుల్లో ఒకతను హైదరాబాద్‌లో, మియాపూర్‌లో ఉంటాడు. జట్టులో అతను హీలర్, అంటే అందరి గాయాలూ మాన్పేవాడు. డాలస్‌లో రాత్రి తొమ్మిదంటే అతనికి మర్నాడు ఉదయం ఏడున్నర. ఇంట్లో పది నెలల పాప. ఉత్తరం రాసినాయన ట్యాంక్‌గా, అంటే శత్రువు దెబ్బలు కాసే పాత్రలో ఆడతారు. మిగతాది ఆయన మాటల్లోనే కొంత చెబుతాను.

“సావేజ్ అనే కఠినమైన స్థాయిలో రెండో బాస్, అంటే పెద్ద శత్రువు, దగ్గర ఏడు వారాలుగా ఇరుక్కుపోయాం. అందరి మీదా ఒక పెద్ద దెబ్బ పడుతుంది, వెంటనే నేల మీద ఎనిమిది వెలుగు చక్రాలు వస్తాయి. వాటిని టవర్లు అంటాం. ఒక్కో టవర్‌లో ఒక్కొక్కరు నిలబడాలి, ఒక్కటి ఖాళీగా ఉన్నా అందరం పోతాం. ఏడుగురం మా చోట్లకి వెళ్ళిపోతాం, వాడు మాత్రం ఇంకా మధ్యలో నిలబడి హీల్ వేస్తూ ఉంటాడు. ప్రతిసారీ ఇదే. తన వైపు తెర మీద టవర్‌లోనే ఉన్నట్టు కనిపిస్తోందంటాడు. వాడి పింగ్, అంటే నెట్ ఆలస్యం, 260 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది, నాది 50. మా పిన్ని కొడుకు కూడా కొంచెం అలాంటివాడే, లేటుగా వస్తాడు, ఫోన్ చూస్తుంటాడు, కానీ చిన్నవాడు కదా.”

నెల కిందట ఒక చార్టు తీసి, ఎవరెవరు ఎంత డ్యామేజ్ చేశారో గ్రూపులో పెట్టారు. అందులో ఆ స్నేహితుడి పేరు అన్నిటికన్నా కింద ఉంది. తర్వాత ఒక శనివారం, రెండోసారి టవర్లు వచ్చేసరికి బాస్ హెల్త్ నాలుగు శాతమే మిగిలింది. మళ్ళీ ఒక టవర్ ఖాళీ. ఈయన మైకులో అరిచేశారు: “ఒరేయ్, నీకు రాకపోతే కూర్చుని చూడు, మా ఆట చెడగొట్టకు!”

ఎవరూ మాట్లాడలేదు. ఆ స్నేహితుడు మైకు ఆపేసి, ఇంకో రెండుసార్లు ఆడి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి రెండు వారాలుగా “కొంచెం పనుంది, మీరు కానివ్వండి” అంటున్నాడు. అతని బదులు బయటి హీలర్‌ని తెచ్చుకుంటే అతను రెండో రోజే మానేశాడట. “మీ ట్యాంకు, మీ సమురాయ్ దెబ్బ తగ్గించే స్కిల్స్ వాడట్లేదు, నా వల్ల కాదు అన్నాడు. బాగా పొగరు” అని రాశారు.

“అరుపు విని మా ఆవిడ పక్క గదిలోంచి వచ్చి ఎవరి మీద అని అడిగింది. చెప్పాను. ‘ఆయన మన పెళ్ళికి మూడు రోజుల ముందే వచ్చి పందిరి పనులన్నీ చూసుకున్నారు కదా’ అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాణ్ణి జట్టులోంచి తీసెయ్యాలా? ఉంచితే మిగతా ఆరుగురి సమయం పోతుంది. తీసేస్తే స్నేహం పోతుంది. మామూలు డంజన్లలో, అంటే తెలియనివాళ్ళతో కలిసి ఆడే చిన్న ఘట్టాల్లో కూడా కొత్తవాళ్ళు పడితే చాలు, ఓపిక పట్టలేక బయటికి వచ్చేస్తున్నాను, లేదా ఓటు పెట్టి వాళ్ళనే పంపించేస్తున్నాను. నాకే ఏదో అయిందేమో. ఆటే మానెయ్యాలా?”

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ ఆట నేనూ చాలాకాలం ఆడాను, అదీ హీలర్‌గానే. బాస్ నాలుగు శాతంలో ఉండగా జట్టంతా నేలకూలితే కడుపులో ఎలా తిప్పుతుందో నాకు తెలుసు. అందుకని ‘ఆటే కదా, దానికింత టెన్షనా’ అని మీతో అనను. ఏడు వారాలు, పద్నాలుగు రాత్రులు, మర్నాడు ఆఫీసు పెట్టుకుని నిద్ర తగ్గించుకుని కూర్చున్నారు. కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద పడింది, వాళ్ళ మీదే ఎందుకు పడింది అన్నది చూడాలి.

ఆట తెలియని పాఠకులకు రెండు ముక్కలు. ఈ జట్టులో ఇద్దరు ట్యాంకులు ఉంటారు, బాస్ కొట్టే దెబ్బలు వాళ్ళు కాస్తారు. ఇద్దరు హీలర్లు అందరి ప్రాణాలూ నిలబెడతారు. మిగిలిన నలుగురి పని బాస్‌ని కొట్టడం, సమురాయ్ అలాంటి ఒక పాత్ర. బాస్ ఎప్పుడు ఏం చేస్తుందో ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. ఎనిమిది మందీ దాన్ని ఒక నాటకంలా వల్లె వేసుకోవాలి, ఒక్కరు తమ చోట లేకపోయినా ఆ సీను మళ్ళీ మొదటికి వస్తుంది. చివరివరకూ బతికి ఉన్నా, బాస్‌ని అనుకున్న సమయంలోగా చంపలేకపోతే అందరూ పోతారు.

ఇప్పుడు ఆ టవర్ల దగ్గరికే వెళ్దాం. మీరు రాసిన దాంట్లోనే నాకు ఒక విషయం కనిపించింది. టవర్లకి ముందు అందరి మీదా ఒక పెద్ద దెబ్బ పడుతుందన్నారు. ట్యాంకులందరికీ రిప్రైజల్ అనే స్కిల్ ఉంటుంది. అది వాడితే దగ్గర్లో ఉన్న శత్రువు దెబ్బ పది శాతం తగ్గుతుంది. సమురాయ్‌కి ఫెయింట్ ఉంటుంది, అదీ దెబ్బ తగ్గించేదే. ఈ రెండూ సరైన క్షణంలో పడితే జట్టు మరీ అడుగంటదు, హీలర్ ఒక హీల్ వేసి టవర్‌కి బయలుదేరొచ్చు. రెండూ పడకపోతే రెండో హీల్ కూడా వెయ్యాలి. ఒక్కో హీల్‌కి ఒకటిన్నర, రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. కదిలితే మంత్రం తెగిపోతుంది, టవర్ దెబ్బకి ఎవరో ఒకరు పోతారు. నిలబడితే తన టవర్ ఖాళీగా ఉండిపోతుంది. మీ స్నేహితుడు ఏడు వారాలుగా మధ్యలో నిలబడి ఉన్నది ఈ సందులోనేమో. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఇది నా ఊహ మాత్రమే అనుకుందాం. కానీ బయటి నుంచి వచ్చిన హీలర్ కూడా రెండు రోజుల్లో మీకు అదే మాట చెప్పాడు కదా. మీ ట్యాంకు, మీ సమురాయ్ అని వేలెత్తి మరీ చూపించాడు. అతను అన్న తీరు బాగాలేకపోయి ఉండొచ్చు. మీరు మాత్రం అతని పొగరు పట్టుకుని మాట వదిలేశారు. ఆ ట్యాంకు మీరు. ఆ సమురాయ్ మీ పిన్ని కొడుకనుకుంటున్నాను. మీ దగ్గర రికార్డు చేసిన వీడియో ఉంటే ఈసారి టవర్లు చూడకండి. వాటికి పది సెకన్ల ముందు మీ వేళ్ళు ఏం నొక్కాయో చూడండి. ఒంటరిగా చూడండి, ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి పింగ్. ‘నా తెర మీద టవర్‌లోనే ఉన్నాను’ అని అతను అంటే మీరు సాకు అనుకున్నారు. సాకు కాదు. ఈ ఆటలో బాస్ మంత్రం ఎంతవరకు వచ్చిందో తెర మీద చూపించే గీత నిండే క్షణానికి ఎవరు ఎక్కడున్నారో సర్వర్ లెక్క తీసేసుకుంటుంది, పేలుడు కనిపించేది ఆ తర్వాత. పింగ్ 260 అంటే సెకనులో పావు వంతు. అతను టవర్‌లో కాలు పెట్టిన సంగతి సర్వర్‌కి ఆలస్యంగా అందుతుంది. మీరు అరక్షణం ముందు చేరితే సరిపోయే చోటికి అతను అంతకన్నా ముందే చేరాలి. దాని పైన, ఒళ్ళో పాప. రాత్రి ఆ పిల్ల ఎన్నిసార్లు లేచిందో మీకు తెలియదు. మీరు పనులన్నీ ముగించుకుని, భోంచేసి, తొమ్మిదికి కూర్చుంటారు. అతను లేచి ముఖం కడుక్కుని ఏడున్నరకి కూర్చుంటాడు, తర్వాత ఆఫీసు. ఆట ఒకటే అయినా ఇద్దరూ ఒకే చోట నిలబడి ఆడటం లేదు.

ఇవన్నీ చెప్పి అతని తప్పు ఏమీ లేదనడం లేదు. హీల్ వేస్తూనే చోటు మారడం ఒక నేర్పు. మంత్రం గీత పూర్తిగా నిండడానికి అర సెకను ముందే అడుగు తీసినా హీల్ పడుతుంది, మంచి హీలర్లందరూ అలాగే ఆడతారు. అది సాధనతో వస్తుంది. అతనికి అది ఎవరైనా చూపించారా, లేక ఏడు వారాలూ ‘టవర్, టవర్, టవర్!’ అన్న కేకే వినిపించిందా?

‘ఆట రాదు’ అన్న మాట చాలా సులువుగా వచ్చేస్తుంది. ఆ మాట వెనక ఏముందో విడదీస్తే చెయ్యాల్సింది దానంతటదే తేలుతుంది. ఒకరికి ఎలా చెయ్యాలో తెలియదు, చూపిస్తే వస్తుంది. ఒకరికి తెలుసు, కానీ పింగ్ వల్లో, నిద్ర వల్లో, సమయం వల్లో అందదు. వాళ్ళకి ఎంత చూపించినా లాభం లేదు, వాళ్ళ మీద బరువు తగ్గించాలి. ఇంకొకరికి తెలుసు, అందుతుంది కూడా, కానీ పట్టదు. వీళ్ళకి నేర్పడమూ వృథా, బరువు తగ్గించడమూ వృథా.

మీ స్నేహితుడు మొదటి రెండిట్లో ఉన్నాడు. మూడోదాంట్లో ఉన్నది ఎవరో మీరే ఒక్క వాక్యంలో రాశారు: ‘లేటుగా వస్తాడు, ఫోన్ చూస్తుంటాడు, కానీ చిన్నవాడు కదా.’

నాకు మీ ఉత్తరం మొత్తంలో గుచ్చుకున్న వాక్యం ఇదే. వేళకి వచ్చి, పాపని పట్టుకుని, పావు సెకను వెనకబడి కూడా ఏడు వారాలు కూర్చున్నవాణ్ణి నలుగురిలో అన్నారు. ఫోన్ చూసుకుంటూ ఆడేవాణ్ణి ఏమీ అనలేదు. అంటే పిన్ని దాకా వెళ్తుంది, ఇంట్లో మాట వస్తుంది. స్నేహితుణ్ణి అంటే ఎక్కడికీ వెళ్ళదు, అతనే మింగుతాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు పెద్దలు. మీరు చెడ్డవారని కాదు ఈ మాట అంటున్నది. చనువు ఉన్నచోటే నోరు లేస్తుంది, అది అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. కానీ ఇప్పుడు ఆ చనువే తెగేలా ఉంది.

చార్టు గురించి కూడా చెప్పాలి. అలాంటి లెక్కలు తీసే బయటి సాఫ్ట్‌వేర్‌ని ఈ ఆట నిబంధనలు అసలు ఒప్పుకోవు. చాలామంది వాడుతున్నారని నాకూ తెలుసు. కానీ ఆట లోపల ఆ అంకెలు చూపించి ఎవర్నైనా తిట్టారని ఫిర్యాదు వెళ్తే మీ అకౌంట్‌కే దెబ్బ. నిబంధన సంగతి అలా ఉంచి, హీలర్‌ని డ్యామేజ్ చార్టులో కొలవడం ఏమిటండీ? చచ్చిపోయినవాళ్ళలో ఒక్కొక్కర్ని లేపడానికే హీలర్ మేజిక్ పాయింట్లు పది వేలల్లో 2,400 పోతాయి. లేచినవాళ్ళ బలం 100 సెకన్ల పాటు పాతిక శాతం తగ్గి ఉంటుంది, వాళ్ళని కాపాడుకోవడానికి మళ్ళీ హీల్స్. ఆ పని అంతా చేసినవాడి పేరు చార్టులో అడుక్కి పోతుంది. అతను తక్కువ డ్యామేజ్ చేశాడంటే మిగతావాళ్ళు ఎక్కువ దెబ్బలు తిన్నారని కూడా అర్థం. మీరు లెక్క చూపించాననుకున్నారు. అతను తన పేరు అందరికన్నా కింద చూసుకున్నాడు.

ఇక ఏం చెయ్యొచ్చో మాట్లాడుకుందాం. ఏ దారి పట్టినా దానికి ముందు ఒక పని ఉంది. ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలి. మెసేజ్ వద్దు. ‘నాలుగు శాతంలో ఉన్నాం కదరా, టెన్షన్‌లో అనేశాను’ అని మొదలుపెడితే అది క్షమాపణ కాదు, మీ తరఫు వాదన. ‘అందరి ముందూ నిన్ను అలా అనకుండా ఉండాల్సింది, చార్టు కూడా పెట్టకుండా ఉండాల్సింది, తప్పు నాదే’ అంటే చాలు. అరిచింది ఆ ఆరుగురి ముందు కాబట్టి తర్వాత వాళ్ళ ముందు కూడా ఒక్క వాక్యం చెప్పండి. ఆ ఫోన్లో జట్టు సంగతి ఎత్తకండి. మళ్ళీ వస్తావా, మానేస్తావా అని అదే రోజు అడిగితే మీ క్షమాపణ ఆ ప్రశ్న కోసం కట్టిన పొట్లంలా కనిపిస్తుంది. నాలుగు రోజులు ఆగండి.

తర్వాత అతన్నే అడగండి, నీకెలా ఉందిరా ఈ ఆట అని. మీరు ఏడు వారాల్లో ఈ ప్రశ్న ఒక్కసారి కూడా వేసినట్టు ఉత్తరంలో లేదు. సావేజ్ గెలవాలని అతనికీ ఉందేమో. లేక మీ అందరి గొంతులూ వారానికి రెండుసార్లు వినొచ్చని మాత్రమే వస్తున్నాడేమో. ఈ రెండిటికీ దారులు వేరు.

గెలవాలని ఉంటే, అతన్ని ఉంచుకుని ఆట మార్చండి. రిప్రైజల్ ఎప్పుడు, ఫెయింట్ ఎప్పుడు అని ఒక కాగితం మీద రాసుకుని, ఎవరిది వాళ్ళు తప్పకుండా వెయ్యాలని అందరూ ఒప్పుకోండి. అతనికి మధ్యకి దగ్గరగా ఉన్న టవర్ ఇవ్వండి. టవర్ల ముందు చివరి హీల్ రెండో హీలర్ వేసేలా మార్చుకోండి. పింగ్ వల్లే అందడం లేదని తేలితే, నిలబడి మంత్రం చదవక్కర్లేని పాత్రలు ఉన్నాయి. డాన్సర్, బార్డ్ నడుస్తూనే కొడతారు. ఈ ఆటలో ఒకే క్యారెక్టర్‌తో ఏ జాబ్ అయినా నేర్చుకోవచ్చు కాబట్టి కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. కానీ ఆ జాబ్‌ని పైదాకా తెచ్చి, దానికి గేర్ (ఆయుధాలు, కవచాలు) సంపాదించడానికి కొన్ని వారాలు పడుతుంది. అతను వదిలిన హీలర్ చోటు ఎవరో నింపాలి. మీరు నింపుతారా? కనీసం ఒక వారం మీరు హీలర్‌గా, ఆ టవర్ల ముందు నిలబడి చూస్తే బావుంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఈ దారిలో నష్టం ఏమిటంటే, ఇంకో నెల గెలవకపోవచ్చు. మిగతావాళ్ళకి అది ఇష్టమో కాదో అడగాలి. ‘ఆరుగురి సమయం పోతుంది’ అని వాళ్ళ తరఫున మీరే రాశారు, వాళ్ళు మీతో అలా అన్నట్టు ఎక్కడా లేదు.

అతను గొంతుల కోసమే వస్తున్నాడనుకోండి. అప్పుడు రెండూ విడదీయడం మేలు. బుధవారం సావేజ్‌కి వేరే హీలర్, శనివారం అందరూ కలిసి పాత బాస్‌లు, నిధుల మ్యాపులు, కథ. ఇది పైకి చాలా చక్కగా కనిపిస్తుంది. కానీ శనివారం మెల్లగా ‘ఈ వారం వద్దులే’ అయిపోతుంది. అలాంటి జట్లు నేను చూశాను. బుధవారం ఎలా తప్పనిసరో శనివారం కూడా అలాగే తప్పనిసరి చేసుకోగలిగితేనే ఆ మాట అతనికి ఇవ్వండి.

మూడో దారి, జట్టులోంచి తప్పుకోమని సూటిగా చెప్పడం. అందులో తప్పేమీ లేదు. గెలవడం కోసం పోగైన జట్టుకి కొంత నైపుణ్యం కావాలి, అది ఒకరి దగ్గర లేనప్పుడు చెప్పడం మోసం కాదు. కానీ చెప్పేది మీరొక్కరే, ఫోన్లో, కారణం ఒక్కటే, స్పష్టంగా: ‘ఈ స్థాయికి మన టైమింగ్ కుదరడం లేదు.’ బ్రేక్ తీసుకో, తర్వాత చూద్దాం అంటూ నాన్చితే రోజూ మెసేజ్ కోసం చూస్తాడు. బాధపడతాడు. లేదూ, ఉదయం ఏడున్నర తప్పినందుకు ఊపిరి పీల్చుకుంటాడేమో కూడా. ఏది జరుగుతుందో ముందే అనుకోకండి. ఒక్క సంగతి మాత్రం ఖాయం. అతన్ని తీసి, ఫోన్ చూసుకునే తమ్ముణ్ణి ఉంచితే, ఆ న్యాయం ఎలాంటిదో జట్టులో అందరికీ తెలుస్తుంది. అతనికి ముందు తెలుస్తుంది.

తమ్ముడితో మాట్లాడటం ఏ దారిలో అయినా తప్పదు. అరవక్కర్లేదు. ‘తొమ్మిదికి అంటే తొమ్మిదికి, ఆడేటప్పుడు ఫోన్ పక్క గదిలో, ఫెయింట్ నీ బాధ్యత. నీకు అంత ఓపిక లేకపోతే చెప్పు, తప్పేం లేదు, వేరేవాళ్ళని చూసుకుంటాం.’ పిన్ని దాకా వెళ్తే వెళ్ళనివ్వండి. ఆవిడ కొడుకు సంగతి ఆవిడకి తెలియకుండా ఉంటుందా?

మీరే జట్టు వదిలి, మీ స్థాయివాళ్ళతో ఆడుకోవడం కూడా ఒక దారే. తెలియనివాళ్ళతో జట్టు కట్టడానికి ఆటలో ఉండే పార్టీ ఫైండర్‌లో గెలవడానికి సిద్ధంగా ఉన్న జట్లు దొరుకుతాయి. మీ చేతులు నిజంగా అంత బావుంటే అక్కడ త్వరగానే గెలుస్తారు. కానీ అక్కడ రిప్రైజల్ వెయ్యకపోతే మొహమాటం లేకుండా చెప్పేస్తారు. మీరు గెలిచిన రాత్రి మైకులో తెలిసిన గొంతు ఒక్కటీ ఉండదు. కొందరికి అది పెద్ద లెక్క కాదు. మీకు ఎలా ఉంటుందో మీకే తెలియాలి.

ఎవరు మిగిలినా, మైకులో మాట తీరు మార్చుకోండి. ‘హీలర్, ఏం చేస్తున్నావ్?’ అంటే వినేవాడికి ఏం చెయ్యాలో తెలియదు, తప్పు తనదని మాత్రం తెలుస్తుంది. ‘తూర్పు టవర్ ఖాళీ’ అంటే దగ్గర్లో ఉన్నవాళ్ళు పరుగెత్తుతారు. పోయాక మొదటి మాట మీదే అవ్వాలి: ‘నా రిప్రైజల్ లేటయింది.’ జట్టులో పెద్దగా మాట్లాడేది మీరు కాబట్టి, మీరు ఒప్పుకుంటే మిగతావాళ్ళు కూడా దాచరు. నేను కొత్తగా హీలర్ మొదలుపెట్టిన రోజుల్లో, మూడుసార్లు పోయాక ఒక తెలియని ట్యాంకు ‘నేను శత్రువుల గుంపుల్ని ఒకేసారి ఎక్కువ లాగుతున్నాను, తగ్గిస్తాను’ అని రాశాడు. నిజానికి తప్పు నాదే. ఆ ఒక్క లైను చూసి చేతుల వణుకు తగ్గింది, ఆ డంజన్ పూర్తి చేశాం.

తెలియనివాళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు డంజన్‌లో పేరు పక్కన పచ్చటి మొలక గుర్తు ఉంటే వాళ్ళు కొత్తవాళ్ళు. ఆట తయారుచేసినవాళ్ళు ఇది ముందే ఆలోచించారు: జట్టులో ఎవరైనా ఆ డంజన్‌కి మొదటిసారి వచ్చి ఉంటే, పూర్తయ్యాక అందరికీ అదనంగా బోనస్ వస్తుంది. మధ్యలో బయటికి వచ్చేస్తే ముప్పై నిమిషాలు మళ్ళీ లోపలికి వెళ్ళలేరు. మెల్లగా ఆడినా ఆ డంజన్ అంతకన్నా ముందే అయిపోయేది. ఓటు పెట్టి పంపించడం ఆట వదిలేసి నిలబడ్డవాళ్ళ కోసం, బూతులు తిట్టేవాళ్ళ కోసం ఉంచుకోండి. కొత్తవాడికి ‘నా వెనకే ఉండు, నేను పరిగెత్తితే నువ్వూ పరిగెత్తు’ అని ఒక్క లైను రాయండి. విన్నాడా, సంతోషం. చెప్పినా వినను, నా ఇష్టం అనేవాడైతే ఆ ఒక్క డంజన్ కానిచ్చి, బ్లాక్‌లిస్టులో పెట్టి మర్చిపోండి. వాడితో చాట్‌లో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

మానెయ్యాలా అన్నారు. శాశ్వతంగా అక్కర్లేదనుకుంటాను. కానీ డంజన్‌లో ముక్కూ మొహం తెలియనివాడి మీద కూడా అంత విసుగు వస్తోందంటే, ఏడు వారాల అలసట ఒంట్లో పేరుకుంది. ఒక నెల ఆపి చూడండి. ఆట డైరెక్టర్ నవోకి యోషిదాయే ఆటగాళ్ళతో బహిరంగంగా ఆ మాట అన్నారు: విసుగ్గా ఉంటే ఆపేసి వేరే ఆటలు ఆడుకోండి, కొత్త కథ వచ్చినప్పుడు తిరిగి రండి అని. మీకు ఆటలో సొంత ఇల్లుంటే మాత్రం 45 రోజుల్లో ఒక్కసారైనా గుమ్మం తొక్కి రండి, లేకపోతే కూల్చేస్తారు.

ఒకవేళ అతను తిరిగి వస్తే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. నవంబర్‌లో మీ గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. మీకు రాత్రి తొమ్మిదే, అతనికి మాత్రం ఏడున్నర కాస్తా ఎనిమిదిన్నర అవుతుంది. గురువారం ఆఫీసు రోజు. మీరు ఒక గంట ముందు కూర్చోగలరేమో అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే చూసుకోండి. ఇన్నాళ్ళూ సర్దుకున్నది అతనే.

ఫోన్ మాత్రం ఆట వేళకి చెయ్యకండి. అతను తీసినా, ఎందుకు రాలేదని అడగడానికే అనుకుంటాడు. మీకు శనివారం ఉదయం ఎనిమిదిన్నర అయితే అక్కడ రాత్రి ఏడు. వారాంతం, ఇంట్లోనే ఉంటాడు. పాప మొదటి పుట్టినరోజు ఇంకో రెండు నెలల్లో ఉంది కదా, ఎప్పుడు, ఎక్కడ చేస్తున్నారో మీ ఉత్తరంలో లేదు. అది కూడా అడగండి.